వణుకు కంటే ముందే కలలు చెబుతాయి

పార్కిన్సన్స్ అనగానే వణికే చేతులే గుర్తొస్తాయి. కానీ వణుకు ఆలస్యంగా బయటపడే లక్షణం. అప్పటికే మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చాలావరకు నశించి ఉంటాయి.

ఖిల్లా ఘణపూర్ వాసులకు పూడిక గురించి వేరే చెప్పనక్కర్లేదు. గణపసముద్రమంత చెరువున్నా, కాలువలో ఒండ్రు పేరుకుంటే చివరి మడికి నీరందదు. మెదడుకూ అలాంటి కాలువలున్నాయి. రక్తనాళాల చుట్టూ ఉండే సన్నని దారుల్లో ద్రవం పారుతూ, కణాలు వదిలే వ్యర్థాలను కడిగేస్తుంది. 2012లో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం దీనికి గ్లింఫాటిక్ వ్యవస్థ అని పేరు పెట్టింది. ఈ శుభ్రత నిద్రలోనే ఎక్కువగా సాగుతుందని 2013లో ఎలుకల మీద చూపింది. దీనితో విభేదించే ప్రయోగాలూ తర్వాత వచ్చాయి. చర్చ ఇంకా ముగియలేదు.

పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రొటీన్ కణాల్లో ముద్దకడుతుంది. దాన్ని తొలగించడానికి మెదడులోని కాపలా కణాలు రంగంలోకి దిగుతాయి. ఆ పోరు ఏళ్ల తరబడి సాగితే ఇన్‌ఫ్లమేషన్ స్థిరపడి, పక్కనున్న మంచి కణాలూ దెబ్బతింటాయి.

అందుకే ఇంట్లో పెద్దల నిద్రను గమనించండి. కలలో కేకలు వేయడం, చేతులు విసరడం, పక్కవారిని తన్నడం 'గాలి సోకడం' కాదు. వణుకు కంటే ఏళ్ల ముందే కనిపించే సూచన కావచ్చు. దానికి తోడు తాలింపు వాసన తెలియకపోవడం, తీరని మలబద్ధకం, నడక నెమ్మదించడం ఉంటే 'వయసు మీద పడిందిలే' అని వదిలేయకండి. మలబద్ధకం ఒక్కటే ఉంటే కంగారు అక్కర్లేదు. మొదట దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఫిజీషియన్‌కు చూపించండి. అవసరమైతే న్యూరాలజిస్టు దగ్గరకు పంపుతారు.

మెదడులోని వ్యర్థాలను కడిగి ఈ జబ్బును ఆపుతుందని రుజువైన మందు నేటికీ లేదు. అలా చెప్పి అమ్మే పొడులకు డబ్బు పోయకండి. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. మాత్రలకు తోడు ఆ పొడి కూడా వాడితే మోతాదు మించిపోతుంది. డాక్టరు రాసిన లెవోడోపా మాత్ర మాత్రం కదలికలను బాగా మెరుగుపరుస్తుంది. వేళకు వేయండి, ఒక్కసారిగా మానేయొద్దు. అది ప్రాణం మీదికి తేవచ్చు.

రోజూ చెమట పట్టేలా నడక, రాత్రి వేళకు పడక అలవాటు చేయండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే వైద్యం చేయించండి. సొంతంగా నిద్రమాత్రలు వద్దు. కలల్లో చేతులు విసిరేవారి మంచం పక్కన గాజు, పదునైన వస్తువులు ఉంచకండి.