కొత్త కాపురము, పాత పట్టా

పట్టణమున నుద్యోగము చాలించి, పొలము కొని, పిల్లలతో పల్లె చేరుట నేటి చదువుకొన్నవారిలో నొక వ్రతమగుచున్నది. మంచిదే, ఆ వ్రతమును మేము నిందింపము. కాని వ్రతము పట్టువాడొకడు, ఉపవాసముండునది వేఱొకతె యగుచో, ఫలమెవరి పేర జమయగునో యడుగక తప్పదు.

మా మిత్రుడొకడు హైదరాబాదు విడిచి బషీరాబాదు దాపున నాలుగెకరముల నల్లరేగడి కొనెను. వికారాబాదు, తాండూరు దాటి వాడివైపు పోవు రైలుమార్గమున, కర్ణాటకపు టెల్లదగ్గర నున్న యూరది. నాపరాతికిని కందికిని పేరుగన్న సీమ. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు సైతము వచ్చినది. మేము చూడబోయినప్పుడు మిత్రుడు గట్టుమీద నిలిచి నేలతల్లిని గూర్చి గడియసేపు ఉపన్యసించెను. ఆయన యిల్లాలు సాళ్లలో వంగి కలుపు తీయుచుండెను. మాకు మజ్జిగ తెచ్చినదియు ఆమెయే.

పొలమెవరి పేర నున్నదని యడిగితిమి. తన పేరనే యనెను. సొమ్మెక్కడిదంటిమి. సగము ఆమె నగలమ్మగా వచ్చినదట! "మాలో నీది నాది యను భేదము లేదు, పేరులో నేమున్నది?" అని నవ్వెను. పేరులో నేమియు లేకున్న, ఆమె పేరే వ్రాయింపరాదా?

పేరులో చాల నున్నది. 2018లో రైతుబంధు సాయమారంభమైనప్పుడు అది పట్టాదారునకే చేరినది గాని కలుపు తీసిన చేతికి చేరలేదు. ఆ యేడే పెట్టిన రైతుబీమాలో, 18 మొదలు 59 ఏండ్లలోపు పట్టాదారు మరణించిన కుటుంబమునకు 5 లక్షల రూపాయలు. పట్టాలేని యిల్లాలు ఆ పొలముననే పాము కఱచి పోయినను, లెక్కలో పోయినది రైతు కాదు. ఉమ్మడి యాస్తిలో కూతురికి పుట్టుకతో వచ్చు హక్కును నాటి ఆంధ్రప్రదేశ్ 1985లోను, దేశమంతయు 2005లోను అంగీకరించెను. భర్త తన పేర కొన్న భూమిలోనన్ననో, ఆతడు జీవించియుండగా భార్యకు భాగము లేదు. ఆతడమ్మదలచిన ఆమె సమ్మతి నడుగువారును లేరు.

శాస్త్రము మాటయందురా? భర్త స్త్రీధనమును తీసికొని తిరిగి యీయనక్కఱలేని సమయములను యాజ్ఞవల్క్యుడు నాలుగింటినే చెప్పెను: కఱవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము. ముచ్చటపడి పొలము కొనుట వానిలో మాకు కనబడలేదు.

మేము రైలుకు బయలుదేరునప్పుడు ఆ సోదరి వాకిటివఱకు వచ్చి మెల్లగా నన్నది: "అన్నగారూ, ఆ సంగతి మరల నెత్తకండి. నేనే మీచేత నడిగించితినని ఆయన యనుకొందురు." నేలతల్లిని గూర్చిన యుపన్యాసమంతయు మేము మఱచితిమి, ఈ మాట మఱవలేదు.

తహసీలు కచేరీకి మరల తిరుగవలెననియు, దానపత్రమునకు ఖర్చగుననియు మిత్రుని తుదివాదము. ఆమె సొమ్ముతో కొన్నదానిని ఆమెకే "దానము" చేయుట! అయినను బోరు త్రవ్వించుటకు వెనుదీయనివానికి ఈ ఖర్చొక లెక్కయా? ఇంకను బేరములోనే యున్న చదువరులు పత్రము వ్రాయించునాడే ఇరువురి పేరులును చేర్పించుకొందురు గాక. వారికీ రెండవ ఖర్చు తగులదు.