కూలీ తరఫు వకీలు ఎవరు?

శంషాబాద్ విమానాశ్రయం కింద సుమారు 5,500 ఎకరాల నేల వుంది. కేంద్ర ప్రభుత్వానికీ, జీఎంఆర్ ఆధ్వర్యంలోని కంపెనీకీ 2004 డిసెంబరు 20న ఒప్పందం జరిగింది. 2008 మార్చిలో విమానాలు లేచాయి. ముప్పై ఏళ్ళ గడువును 2068 దాకా పొడిగిస్తూ 2022లో ఇంకో కాగితం వచ్చింది. ఇన్ని కాగితాల్లో ఆ నేల దున్నినవాడి సంతకం ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఒప్పందానికి వాడు కక్షిదారు కాడు గదా!

ఒప్పందంలో వున్నవాళ్ళకు తగాదా వస్తే తలుపు తట్టే చోటు వుంటుంది. ఇదే జీఎంఆర్ 2010లో మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయాన్ని తీసుకుంది. 2012లో అక్కడి ప్రభుత్వం రద్దు చేసేసరికి సింగపూరు మధ్యవర్తిత్వానికి వెళ్ళింది, 2016లో సుమారు 27 కోట్ల డాలర్లు రాబట్టుకుంది. చట్టప్రకారమే. కాదనేది లేదు. ఆ చట్టం కూలీదాకా ఎందుకు రాదన్నదే మన ప్రశ్న.

శంషాబాద్ భూములు తీసుకున్న నాటికి అమల్లో వున్నది 1894 నాటి తెల్లదొరల చట్టం. పట్టాదారుకు పరిహారం చాలకపోతే 18వ సెక్షన్ కింద కోర్టుకు పోవచ్చు. కూలి పోయినవాడు ఆ లెక్కలోనే లేడు. అసైన్డు భూమి సాగుచేసే పేదలకు మాత్రం ఒక ఊరట దొరికింది: వాళ్ళకూ పట్టాదార్లతో సమానంగా పరిహారమివ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. అదీ మన చేవెళ్ళ డివిజన్ కేసే.

2013 చట్టం మారింది. మూడేళ్ళుగా ఆ భూముల మీదే బతుకుతున్న వ్యవసాయ కూలీ, కౌలుదారు 'బాధిత కుటుంబం' కిందికి వస్తారు. దీన్ని తప్పించుకోవడానికే కదా 2015 జూలైలో 123 జీవో! నేరుగా కొనుగోలు అన్నారు, కూలీని వదిలేశారు. జహీరాబాద్ ప్రాంతపు కూలీలు హైకోర్టుకెక్కారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి జీవోను కొట్టేశారు. అప్పీలులో కేసు అనేక మలుపులు తిరిగింది, అది వేరే కథ. కాని కూలీలకూ సాయం చేస్తామంటూ ప్రభుత్వం మరో జీవో తేక తప్పలేదు. వకీలు దొరికిన కూలీ ఏం చేయగలడో చూశారా?

వకీలు లేకపోతే హక్కు గడువులోనే మురిగిపోతుంది. అవార్డు చెప్పేటప్పుడు ఎదుట వున్నవాళ్ళు ఆరు వారాల్లోగా 64వ సెక్షన్ దరఖాస్తు కలెక్టరుకు ఇవ్వాలి. డబ్బు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాయకుండా సంతకం పెడితే ఆ దరఖాస్తూ చెల్లదు. ఈ ఒక్క వాక్యం తెలీక ఎంతమంది మునిగారో!

ఇక జాబితాలో దొంగపేర్లు ఎక్కాయనీ, కాంట్రాక్టులో కంకర తగ్గిందనీ బయటపెట్టేవాడి సంగతి. జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే తన పేరు గుప్తంగా వుంచమని ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. పేరు దాగలేదు. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత 2004లో కేంద్రం ఫిర్యాదుదారు పేరు దాచే తీర్మానం చేసింది. అది కేంద్ర శాఖలకు, సంస్థలకే. తాసిల్దారు ఆఫీసుకు వర్తించదు. పార్లమెంటు చేసిన రక్షణ చట్టం 2014 మేలో రాష్ట్రపతి సంతకం పొంది కూడా ఇంకా అమలులోకి రాలేదు. కాబట్టి ఇలాంటివి ఒక్కడి పేరుతో పంపొద్దు. సంఘం పేరు మీద పంపండి, సమాచార హక్కు దరఖాస్తు కూడా నలుగురితో పెట్టించండి.

ఫీజు మాటకొస్తే, 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలునివ్వాలి. మిగతా పేదలకు ఆదాయ పరిమితి వుంది. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్.బి.నగర్‌లో వున్నాయి, జిల్లా న్యాయసేవాధికార సంస్థను అక్కడే అడగండి. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పవచ్చు, అక్కడివాళ్ళు సాయం చెయ్యాలి. ఇచ్చిన దరఖాస్తు నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోకుండా మాత్రం బస్సెక్కకండి.