కొట్టం కప్పుకు మూడున్నర నెలల పర్మిషన్

ఒంటిమిట్టకు ఆ పేరు ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు బోయ అన్నదమ్ముల వల్ల వచ్చిందంటారు. కోదండరామాలయం కట్టించింది కూడా వాళ్లేనని స్థలకథ. (బోయలు ఏజెన్సీలో ఎస్టీలు, మన దగ్గర కాదు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.) అడివి మనుషుల పేరు పెట్టుకున్న ఊళ్లో, ఆ గుడి పక్కన కొట్టం ఉన్నోడు కురిసే కప్పు మార్చుకోవాలంటే ఏం చేయాలో మనలో ఎంతమందికి తెలుసు?

సున్నం కొట్టుకోవడం, పెంకు మార్చడం, కప్పు మార్చడం లాంటి వాటికి పర్మిషన్ అక్కర్లేదని జాతీయ భవన నిర్మాణ కోడే చెప్తుంది. కానీ ఈ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ రేకు మార్చినా మరమ్మతు కిందకే వస్తుంది, దరఖాస్తు పెట్టాల్సిందే. అది ఢిల్లీలోని జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు చేరడానికి 15 రోజులు, వాళ్లు చూడడానికి 2 నెలలు, తిరిగొచ్చాక నిర్ణయానికి ఇంకో నెల. అన్నీ సరిగ్గా నడిస్తేనే మూడున్నర నెలలు. 2021 నవంబర్‌లో చెయ్యేరు ఎట్లా వచ్చిందో చూసినోళ్లం మనం. వాన అన్ని రోజులు ఆగుతుందా?

అసలు చిక్కు ఇంకోటుంది. నిషేధిత ప్రాంతంలో మరమ్మతుకు వీలుంది గానీ పునర్నిర్మాణానికి లేదు. మట్టి గోడల మీద బోద కప్పు ఉన్న ఇంట్లో ఈ రెండింటినీ యాడ విడదీస్తారు? కప్పు కురిస్తే గోడ నానుతుంది, నానిన గోడ కూలుతుంది. పర్మిషన్ వచ్చేలోపు గోడ పడిపోతే, అదే కొలతల్లో మళ్లీ కట్టుకున్నా చట్టం దృష్టిలో అది పునర్నిర్మాణం. రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. సిమెంటు మిద్దె ఉన్నోడికి ఈ బాధ లేదు, మట్టి గోడ ఉన్నోడికే ఉంది.

పైగా దరఖాస్తు పెట్టేది ఇంటి యజమాని అయ్యుండాలి, ఆ ఇల్లు 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉండాలి, లేదా అనుమతితో కట్టిందై ఉండాలి. పట్టా లేని యానాది, ఎరుకల, సుగాలి కుటుంబం ఏ కాగితం చూపిస్తుంది? నేర జాతుల చట్టం నడిచిన రోజుల్లో, 1952లో అది రద్దయ్యేదాకా, ఎరుకలోళ్ల వేలిముద్రలు పోలీసు రిజిస్టర్లలో భద్రంగా ఉండేవి. వాళ్ల ఇల్లు మాత్రం రెవెన్యూ రికార్డులోకి ఎక్కలేదు.

గుడిని కాపాడొద్దని ఎవరూ అనడం లేదు. పున్నమి రాత్రి కల్యాణం మనదీనే. అదే ఎత్తులో, అదే గోడల మీద వేసే కప్పు వల్ల గోపురానికి వచ్చే నష్టమేంది అన్నదే ప్రశ్న. ఏ రకం దరఖాస్తులు ఢిల్లీ దాకా రానక్కర్లేదో తేల్చే వీలు ఆ చట్టంలోనే ఉంది. పేదల కప్పు మార్పిడిని ఆ జాబితాలో పెట్టాలి, వానకు కూలిన మట్టి గోడను మరమ్మతుగానే చూడాలి, ఇంటి పన్ను రసీదును, పాత ఓటరు జాబితాను రుజువుగా తీసుకోవాలి. కడప జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, పీసా గ్రామసభ మనకు దిక్కు కాదు. అందుకే మామూలు గ్రామసభలోనే ఈ తీర్మానం పెట్టించాలి.

ఈలోపు ఒంటిమిట్ట కుర్రోళ్లు ఒక పని చేయండి. టేపు పట్టుకొని రక్షిత హద్దు నుంచి (గోపురం నుంచి కాదు) కొలవండి. వందలోపు ఎవరి ఇల్లు, మూడొందల్లోపు ఎవరిది, ఎవరి దగ్గర ఏ రసీదు ఉందో నోటుబుక్కులో రాయండి. కప్పు విప్పకముందే నాలుగు పక్కలా ఫోటోలు తీసి, ఎత్తు కొలిచి పెట్టండి.