చుక్కలు పెట్టిన మాట

ఈమధ్య సాయంకాలాలు నేను యింట్లో దొరకడం లేదని ఇరుగమ్మా పొరుగమ్మా ఒకటే ఆరా. కొత్త వుద్యోగంలో చేరానండీ. పాతది మానేశాననుకునేరు, కాలేజీ వుంది, పాఠాలూ వున్నాయి. మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజే ఆ జీతంలో ఇమడనంది!

విజయవాడ ఏలూరు రోడ్డు వెనక సందులో ఒక చిన్న ప్రచురణ కార్యాలయం. వారానికి నాలుగు సాయంత్రాలు ప్రూఫులు దిద్దాలి. పేజీకి 12 రూపాయలు. తెలుగు ఎమ్మే చదివినదానికి ఇదేం బ్రహ్మవిద్యా అనుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే, కంప్యూటరులో పాత అక్షరాలనుంచి కొత్త అక్షరాలకు మార్చిన పుస్తకాల్లో వత్తులు రాలిపోతున్నాయి. ‘వధువు’ కాస్తా ‘వదువు’ అయి కూర్చుంటుంది. మన కన్నేమో అర్థం వెంట పరుగెత్తి, లేని వత్తును తానే తగిలించుకుని ముందుకు సాగిపోతుంది. “చదవడం బాగా వచ్చినవాళ్ళకే దిద్దడం రాదమ్మా,” అన్నారు యజమాని. పెద్దాయన.

రెండోవారం ఒక పాత కథ ఇచ్చారు. అందులో ముసలమ్మ మాటిమాటికీ ‘వెడతాను, వెడతాను’ అంటోంది. పదకొండుచోట్ల ‘వెళ్తాను’ అని దిద్ది, గర్వంగా ఇచ్చాను. ఆయన ఏమీ అనకుండా పెన్సిలు తీసి, నేను కొట్టేసిన ప్రతి మాట కిందా చుక్కలు పెట్టుకుంటూ పోయారు. చుక్కలు పెడితే, ప్రూఫుల భాషలో, ఉన్నది ఉన్నట్టే వుంచమని. “ఆవిడ మీ క్లాసులో పిల్ల కాదు గదమ్మా!” అన్నారు చివరికి.

బస్సులో వస్తుంటే ఒక శ్రీకాకుళం కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. వ్యాసంలో తన చెల్లెల్ని ‘గుంట’ అని రాసుకుంటే, ఎర్రసిరాతో కొట్టేసి ‘బాలిక’ అని పెట్టాను. ఇంట్లో ఎవరైనా చెల్లెల్ని బాలికా అని పిలుస్తారా? వాడి కాగితం మీద చుక్కలు పెట్టడానికి యిప్పుడు వాడెక్కడ దొరుకుతాడు!

ఇంతకీ అసలు బాధ ఇంకోటి. రాత్రి పడుకునేముందు సరదాగా చదువుకునే అలవాటు నాది. మొన్న శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి స్వీయచరిత్ర ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ తీశాను. 1961లో పోయిన ఆ మహానుభావుడి అట్టమీదనే ఆ చివరి ‘నూ’ అవసరమా అని చెయ్యి పెన్సిలు వెతికింది! నాలుగు పేజీలు చదివితే నాలుగు కామాలు మిగిలాయి గాని కథ మిగల్లేదు.

మా అత్తయ్యగారికి కంట్లో శుక్లాలు తీయించి పదిరోజులైంది. “అదేదో పైకి చదవరాదుటే,” అన్నారు మంచం మీంచి. చదివాను. పైకి చదువుతుంటే కంటికి ఆగే తీరిక లేదు, నోరు లాక్కుపోతుంది. సంస్కృతం చదువుకోమని పెద్దలు పోరుతుంటే తెలుగు వెంట పడ్డ ఆ కుర్రవాడి గొడవ వింటూ, ఆవిడ నాకంటే ముందు నవ్వుతున్నారు. వారిది అమలాపురం పక్క పల్లె. “మా నాన్నా అచ్చం ఇలాగే అనేవాడే!” అని నన్ను ఆపి, ఆ మాటని మళ్ళీ ఆ యాసలో తాను పలికి చూపించారు. నేను పలికింది తప్పుట!

రేపు ప్రూఫులు లేవు. మధ్యాహ్నమే మొదలెడదామంటున్నారు.