పసుపు కొమ్ము – పేటెంటు హక్కు



వ్రేలు తెగినచో పసుపు అద్దవలెనని మన యిండ్లలో నెవరికి దెలియదు? అయినను 1995వ సంవత్సరమున, పసుపుతో గాయములు మాన్పు పద్ధతిపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు లభించెను. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలివారు దాని నెదిరించి, సంస్కృతము, ఉర్దూ, హిందీ మొదలగు భాషలనుండి 32 ఆధారములు సేకరించిరి. 1997లో ఆ హక్కు రద్దయ్యెను. నాటి అమెరికా చట్టము పరదేశముల వాడుకను లెక్కింపక, అచ్చుపడిన వ్రాతనే ప్రమాణముగా గొనెడిది. కావున మనలను గాపాడినది బామ్మల యనుభవము కాదు, గ్రంథములే.

ఇట్టి వెదకులాట నేడు లాంగ్వేజి మోడళ్లు, అనగా భాషా నమూనాలు, అను కంప్యూటరు సాధనములచే సులభమగుచున్నది. మండపేట ప్రాంతమున కోళ్ల పెంపకము హెచ్చు గదా! అచ్చటి గృహిణి యొకతె నీరొలకని కోళ్ల గిన్నెను గనిపెట్టినదనుకొందము. ఆమె దానిని "నీళ్ల గిన్నె" యనును. పేటెంటు పత్రము "పక్షులకు ద్రవము నందించు సాధనము" అనును. మాటనుబట్టి వెదకినచో నది దొరకదు. పేటెంట్ల భాండారముతో జోడించిన భాషా నమూనా అర్థమునుబట్టి వెదకును; తెలుగున నడిగినను ఆంగ్ల, జపాను పత్రములను సైతము తెచ్చి, పోలికలను భేదములను వివరింపగలదు.

అయినను రెండు జాగ్రత్తలు వలయును. అది యొక్కొకప్పుడు లేని పేటెంటు సంఖ్యను ఉన్నట్లే చెప్పును. కావున ప్రతి సంఖ్యను ఆయా దేశముల పేటెంటు కార్యాలయములవారు ఇంటర్నెట్టులో నుచితముగా నుంచిన జాబితాలలో సరిచూచుకొనవలెను. రెండవది, మీ క్రొత్త యూహ గుట్టంతయు దానికి జెప్పరాదు. దరఖాస్తుకు ముందే బయటపడినదానికి హక్కు దక్కకపోవచ్చును. తాత్కాలిక వివరణతో ముందు దరఖాస్తు పెట్టి, 12 నెలలలో పూర్తి వివరణ నీయవచ్చును. ఆంధ్రప్రదేశమువారికి చెన్నై కార్యాలయము. వ్యక్తులు పెట్టు దరఖాస్తులో ఒక్క స్త్రీ యున్నను, శీఘ్ర పరిశీలన కోరు సదుపాయము 2019 నుండి కలదు.

ఇక అమ్మమ్మల వైద్యము మాట వేరు. క్రొత్తదానిని దరఖాస్తువరకు దాచవలెను. పాతదానిని వ్రాసి వెల్లడింపవలెను. వ్రాతలో లేనిది యెంత గొప్ప యంత్రమునకును గనబడదు. ఈ మాసమున మీ యింటి పెద్దల నడిగి యొక్క చిట్కానైనను, వస్తువులు, పాళ్లు, వాడు విధము తప్పక వ్రాసి, ఏదేని పత్రికకు బంపుడు.