ముందు నెగెటివ్‌... ఆ తర్వాతే ఎన్‌లార్జర్‌!

ఫిల్ము కెమెరా మీద మళ్లీ మనసు పోయిందా? స్టోర్‌రూమ్‌ని చీకటి చేసి, బ్లాక్‌ అండ్‌ వైట్‌ ఫొటోలు ఇంట్లోనే ప్రింటు వేసుకోవాలనుందా? అయితే ముందుగా ఆలోచించాల్సింది ఎన్‌లార్జర్‌ గురించే. ట్రేలూ, ఎర్రలైటూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దీన్ని మాటిమాటికీ కొనలేం. పైగా ఇప్పుడు ఎక్కువగా దొరికేవి సెకండ్‌హ్యాండ్‌వే. గ్యారంటీ కార్డుండదు... మన కళ్లే గ్యారంటీ!

కొలత తీశారా?

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. నెగెటివ్‌కీ ఎన్‌లార్జర్‌కీ కూడా అంతే. అందుకే బేరానికి వెళ్లేముందు పెట్టెలో దాచిన నెగెటివ్‌లన్నీ బయటికి తీసి కొలవండి. 35 ఎంఎం ఫిల్ము మీద బొమ్మ 24×36 మిల్లీమీటర్లుంటుంది. కానీ ఒకప్పుడు మన ఇళ్లలో బాగా కనిపించిన ఆగ్ఫా క్లిక్‌-3 లాంటి కెమెరాలు 120 ఫిల్ము మీద 6×6 సెంటీమీటర్ల బొమ్మ తీసేవి. రోలుకి పన్నెండే! తాతయ్య నిలువెత్తు ఫొటో, అమ్మ పట్టుపరికిణీ ఫొటో ఆ సైజులోనే ఉండొచ్చు. చవగ్గా వచ్చింది కదా అని 35 ఎంఎంకి మాత్రమే పనికొచ్చే ఎన్‌లార్జర్‌ తెచ్చుకుంటే వాటిని ఎప్పటికీ ప్రింటు వేయలేరు. పెద్దదాంట్లో చిన్న నెగెటివ్‌ వేయొచ్చు, చిన్నదాంట్లో పెద్దది కుదరదు.

కెమెరా ఖరీదైతే చాలదు

కెమెరాకి ఎంత మంచి లెన్సున్నా బొమ్మ కాగితం మీదికి చేరేది ఎన్‌లార్జర్‌ లెన్సులోంచే. 35 ఎంఎంకి 50 ఎంఎం లెన్సు, 6×6కి 75 లేదా 80 ఎంఎం, 6×9కి 105 ఎంఎం వాడతారు. 6×6 నెగెటివ్‌కి 50 ఎంఎం లెన్సు పెడితే ప్రింటులో అంచులు తెల్లబడతాయి. నికాన్‌ ఎల్‌-నిక్కోర్‌, రోడెన్‌స్టాక్‌ రోడగాన్‌, ష్నైడర్‌ కాంపోనాన్‌ పేరున్న లెన్సులు. డబ్బు సరిపోకపోతే ఎన్‌లార్జర్‌ మామూలుది తీసుకున్నా ఫర్వాలేదు, లెన్సు దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

వెలుగు పడే తీరూ ముఖ్యమే. కండెన్సర్‌ రకంలో బొమ్మ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది... గీతలూ, దుమ్మూ కూడా! డిఫ్యూజర్‌ రకం కాంతిని పరిచినట్టు వేస్తుంది కాబట్టి పాత నెగెటివ్‌ల మీది గీతలు అంతగా కనపడవు. 35 ఎంఎం బొమ్మను 8×10 అంగుళాలు చేస్తే ఎనిమిదిన్నర రెట్లు పెరుగుతుంది. దాంతోపాటే ధూళికణమూ పెరుగుతుందన్నది మరవొద్దు.

డబ్బులిచ్చేముందు...

• తలభాగాన్ని పైదాకా లేపి వేలితో మెల్లగా తట్టండి. ఊగి వెంటనే ఆగకపోతే వద్దు. కాగితం మీద వెలుగు చాలా సెకన్లు పడాలి. ఈలోగా వీధిలో లారీ వెళ్లినా బొమ్మ అలికినట్టవుతుంది.

• లెన్సుని వెలుగుకి ఎదురుగా పట్టి చూడండి. లోపల సాలెగూడు లాంటి పోగులుంటే బూజు పట్టినట్టే.

• నెగెటివ్‌ ఒకటి వెంట తీసుకెళ్లి ఫోకస్‌ చేయించండి. నాలుగు మూలలూ ఒకేలా స్పష్టంగా ఉండాలి. ఒక మూల మసకగా ఉంటే తల వంకరగా ఉందేమో అడగండి.

• గదిలో లైట్లార్పి ఎన్‌లార్జర్‌ వెలిగించండి. పక్కల నుంచి వెలుగు కారితే కాగితం పాడవుతుంది.

• మీ సైజు నెగెటివ్‌ క్యారియర్‌, దానికి తగ్గ కండెన్సర్‌ ఉన్నాయా? అలాంటి బల్బు మళ్లీ దొరుకుతుందా? ఇవి విడిగా వెతకాలంటే చుక్కలు కనిపిస్తాయి.

ఇక ఇంట్లో... ఎన్‌లార్జర్‌ ఒకవైపు, మందుల ట్రేలు మరోవైపు ఉంచండి. తడిచేత్తో స్విచ్‌ ముట్టుకోవద్దు. గాలి బయటికి పోయే దారి ఉండాలి. ఆ ట్రేలను మళ్లీ వంటింటికి తేవద్దు.

అన్నీ సరిపోయాయా? అయితే మొదటి రోజే పాత నెగెటివ్‌ జోలికెళ్లకండి. ఈమధ్య తీసిన వాటితో చేయి తిరగనివ్వండి. పాడైనా అవి మళ్లీ తీసుకోవచ్చు. తాతయ్యను మళ్లీ నిలబెట్టలేం కదా!