వలీమాలో నీళ్లు



మొన్న ఆళ్లగడ్డలో ఒక వలీమాకు వెళ్లాను. బిర్యానీ లాజవాబ్. దస్తర్‌ఖాన్ నిండా మాత్రం ప్లాస్టిక్ బాటిళ్లు, చాయ్‌కు పేపర్ కప్పులు. దావత్ అయ్యాక అవన్నీ కాలువగట్టు మీద కుప్ప! ఎండకు పెళుసెక్కి, వానకు కొట్టుకుపోయి, కుందూలో, పెన్నలో కలిసేవి ఇవే. ఐదు మిల్లీమీటర్లకన్నా చిన్న ముక్కలైతే వాటినే మైక్రోప్లాస్టిక్ అంటారు.

అవి నదిదాకా పోనక్కర్లేదు. పేపర్ కప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పావుగంట ఉంటే 25,000 రేణువులు దిగుతాయని ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చెప్పారు. లీటరు బాటిల్ నీళ్లలో సగటున 2,40,000 రేణువులున్నాయని 2024లో అమెరికా తహ్‌ఖీక్ తేల్చింది.

"నుక్సాన్ ఎంతో ఇంకా సాబిత్ కాలేదు కదా భాయ్" అంటారు కొందరు. నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో సబూత్ చాలదు, ఇంకా తహ్‌ఖీక్ కావాలనే అంది. కానీ అంతా తేలాక చేసేది ఎహ్తియాత్ ఎట్లవుతుంది? షక్ ఉన్నదాన్ని వదిలేయమని మన దీన్ నేర్పలేదా?

మా దాదీమా కాలంలో దావత్ అంటే మట్కా, గ్లాసులే. ప్రతి మొహల్లా కమిటీ ఐదొందల స్టీలు గ్లాసులు కొని పెడితే అందరి షాదీలకూ పనికొస్తాయి. అదీ సద్కా-ఎ-జారియానే.

కడిగేదెవరంటారా? తాగిన మనమే.